ఇటుక కాపడం

"కన్నబిడ్డలం ఇద్దరం బతికుండంగానే మా అమ్మ కాలు కాల్చిందంట మహాతల్లి!"

నాగూర్‌బీ ఇంకా గడప లోపల అడుగైనా పెట్టలేదు. కావలి నుంచి వచ్చిన జట్కా దిగుతూనే, చేతిలోని మూట అరుగు మీద పడేసి, వీధి వీధంతా వినేలా ఆ మాట అనేసింది. ఆవిడ గొంతెత్తిందంటే రైలు షెడ్డులో ఇంజను కూత కూడా చిన్నబోవలసిందే. ఎదురింటి కిటికీ రెక్క తెరుచుకుంది. పక్కింట్లో దంచుతున్న రోకలి ఆగింది.

షాహిదాబీ చెంబుతో నీళ్ళు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"కాళ్ళు కడుక్కో వదినా."

"నీ చేతి నీళ్ళు పడితే నా కాళ్ళు గూడా కాల్తాయి. అవతలుండు మే!"

చెంబును పక్కకు తోసి, నాగూర్‌బీ లోపలికి పోయింది. సగం నీళ్ళు షాహిదాబీ చీర మీద ఒలికాయి. ఆమె తుడుచుకోలేదు. నిన్నటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ తనతో సరిగ్గా మాట్లాడలేదు. తిట్టడానికైనా ఒక మనిషి వచ్చిందని ఒక పక్క ఊరట కూడా కలిగింది. ఎంత దిక్కుమాలిన ఊరటో!

ముందు వసారా చెప్పుల అంగడి, వెనకవైపు కాపురం. వసారాలో షాహిదాబీ మొగుడు మీరా మొహిద్దీన్ తోలు ముక్క ముందేసుకుని తలొంచుకుని కూర్చున్నాడు. అక్కను చూసి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఏమని పలకరించాలో తెలియలేదు పాపం.

లోపల నులకమంచం మీద వాళ్ళ తల్లి సుల్తాన్‌బీ పడుకుని ఉంది. కుడికాలు దిండు మీద పెట్టి ఉంది. సున్నపుతేటా కొబ్బరినూనే గిలకొట్టి పూసి, పైన లేత అరటాకు చుట్టారు. నాగూర్‌బీ ఆకు విప్పి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మడమ నుంచి నడిపాదం దాకా ఒకటే బొబ్బ. అంచుల దగ్గర చర్మం నల్లబడి ముడుచుకుపోయింది.

"ఇంత కాలేదాకా ఎట్టా ఓర్చుకున్నావమ్మా? అరవలేదా నువ్వు?"

వసారాలో తోలు కోస్తున్న కత్తి చప్పుడు ఆగింది.

గుమ్మం దగ్గర షాహిదాబీ ఒక అడుగు ముందుకు వేసింది. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలనే నిన్నటి నుంచీ ఎదురుచూస్తోంది. ఎందుకంటే దానికి జవాబు తనకు తెలుసు. కాలుతున్నంతసేపూ అత్త అరవలేదు.

మడమ శూలకు ఇటుక కాపడం ఆ ఇంటి మందే. ఎర్రగా కాలిన ఇటుక మీద జిల్లేడాకులు దట్టంగా పరిచి, దాని మీద మడమ ఆనిస్తారు. ఆ వేడి ఎంతవరకని పెట్టేవాళ్ళకు తెలియదు. పెట్టించుకునే మనిషే "చాలు" అనాలి. చాలు అన్నాకనే ఇటుక తీయాలి, అంతకుముందు తీస్తే శూల మొండికేస్తుందని ఊరందరికీ చెప్పేది ఈ సుల్తాన్‌బీయే. అమ్మ కుంటుతోంది, కాపడం పెట్టమని నిన్న మొహిద్దీన్ తోలు కోసం బజారుకు పోతూ అంటే షాహిదాబీ పెట్టింది. ఊరందరికీ చెప్పే మనిషి తనకు వద్దని ఎట్లా అంటుంది?

పెట్టి, చాలు అనే మాట కోసం కూర్చుంది. అత్త పాత సంగతులేవో చెబుతూ, చెప్పు పట్టీలకు పూసలు గుచ్చుతూ ఉంది. ఆకు మాడిన వాసన వచ్చింది. తర్వాత ఆ వాసన ఆకుది కాదని తెలిసింది.

"జేజీ, పొగ!" అంది పక్కనే ఆడుకుంటున్న షాహిదాబీ కూతురు మస్తాన్‌బీ.

అప్పుడు అత్త ముందు తన కాలు చూసుకుంది. తర్వాత కోడలి ముఖం చూసింది. ఆ తర్వాతే అరిచింది. ఆ వరస షాహిదాబీకి బాగా గుర్తుంది.

"చెప్పమ్మా, అరవలేదా?" నాగూర్‌బీ మళ్ళీ అడిగింది.

సుల్తాన్‌బీ కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి.

"ఎందుకరవలేదు? గొంతు చించుకున్నా. అయినా వదల్లేదు. మోకాలి మీద చెయ్యేసి అదిమి పెట్టింది."

"అత్తా!"

సుల్తాన్‌బీ కళ్ళు కిందికి దించనే లేదు.

నాగూర్‌బీ లేచి నడుముకు కొంగు చుట్టింది. "రే మొయిద్దీనూ! ఇన్నావా? ఇంకా ఏం కావాలి నీకు? రేప్పొద్దున్నే బండి మాట్లాడి దీన్ని తోటపల్లి గూడూరు పంపెయ్. వాళ్ళమ్మకే పెట్టుకోనీ కాపడాలు. బిడ్డ మాత్రం ఈడే ఉంటాది. మన ఇంటి బిడ్డ."

బిడ్డ అనే మాట వినగానే షాహిదాబీ గుమ్మం వదిలింది. వసారాలోకి వెళ్ళి మొగుడి ఎదురుగా కూలబడింది.

"నువ్వు చెప్పు. నేను అట్టాంటి దాన్నా? ఇన్నాళ్ళ కాపురంలో మీ అమ్మను ఒక్క మాటన్నా ఎదురన్నానా?"

మొహిద్దీన్ చేతిలోని కత్తిని అటూ ఇటూ తిప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెప్పు పట్టీ ఎవరి కాలికి ఎక్కడ ఒరుస్తుందో చూపుతోనే పట్టేస్తాడు గాని, ఇంట్లో ఎవరి మనసు ఎక్కడ ఒరుస్తుందో ఏనాడూ పట్టలేదు.

"మా అమ్మ అబద్ధం చెప్తాదా షాహిదా?" అన్నాడు.

అంతే అన్నాడు. మళ్ళీ తోలు మీద కత్తి ఆనించాడు.

*

మధ్యాహ్నం కాకముందే జువ్వలదిన్నె నుంచి పేరమ్మ వచ్చింది. నెత్తి మీద ఖాళీ గంప, కాళ్ళకు బురద. చేపలమ్ముకుని తిరిగిపోతూ మడమలు చూపించుకుందామని వచ్చింది.

ఆ చుట్టుపక్కల కాలికేమొచ్చినా ఆ వసారాకే రావాలి. ఆనెకాయకు జీడి పెట్టాలన్నా, వేళ్ళ సందున పాసిపోతే గోరింటాకూ పసుపూ నూరి పూయాలన్నా, లోపల విరిగిన ముల్లు పైకి రావడానికి జిల్లేడు పాలు చుక్క వేయాలన్నా సుల్తాన్‌బీ చెయ్యే పడాలి. ఆ తర్వాత కొడుకు అందుకుంటాడు. ఆనెకాయ ఆనేచోట చెప్పు అట్టను గుంటగా తొలుస్తాడు, ఒరిసే పట్టీ కింద మేకతోలు వేసి కుడతాడు. రైలు షెడ్డులో బొగ్గు కొట్టే ఫైర్‌మన్ల నుంచి చేపల గంపల ఆడవాళ్ళ దాకా అందరి కాళ్ళూ ఆమె ఒళ్ళోకి ఎక్కి దిగినవే. ఈమధ్య నెల్లూరు బజార్లో రబ్బరు స్లిప్పర్లు దిగిన తర్వాత కూడా ఆ వసారాకు మనుషులు తగ్గలేదు.

"ఈయాళ వద్దు పొమ్మను. అమ్మ లేవలేదు," అంది నాగూర్‌బీ.

"అంత దూరం నడిచొచ్చినామెను ఎట్టా పొమ్మంటా? ఈడికే రమ్మను," అంది సుల్తాన్‌బీ. "షాహిదా, మైనం కరగబెట్టు."

తన పేరు ఆ నోట మామూలుగా వచ్చేసరికి షాహిదాబీకి ఏడుపొచ్చింది. పొయ్యి దగ్గరికి పోయి, గరిటెలో మైనం కరిగించి, ఆముదం పోసి కలిపి తెచ్చింది.

పేరమ్మ మంచం పక్కన పీట మీద కూర్చుని కాలు చాపింది. పగుళ్ళు లోతుగా, ఇసుక కూరుకుని ఉన్నాయి. సుల్తాన్‌బీ మంచం మీదే ఒరిగి కూర్చుని, ఉప్పునీళ్ళతో కడిగి, వేడి మైనం వేలితో తీసి పగుళ్ళలో నింపసాగింది.

"అమ్మమ్మమ్మ! చాలక్కా, చాలు! కాల్తాంది!" పేరమ్మ కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

సుల్తాన్‌బీ చెయ్యి గాలిలో ఆగిపోయింది. వెనక్కిపోయిన ఆ పగుళ్ళ కాలినే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో ఉన్నది ఆశే. అన్నం లేనివాడు ఎదుటివాడి కంచాన్ని చూసినట్టు చూసింది.

"కాల్తేనే మంచిది," అంది మెల్లగా. "ఇటియ్యి."

పేరమ్మ నోరు ఊరికే ఉండేది కాదు. "మా పిచ్చమ్మ సంగతి ఇన్నావా అక్కా? రొయ్యపొట్టు అమ్మేది గదా, ఆమె. పెద్దరోగమంట, కుష్టు."

"ఎవురు చెప్పినారు?"

"చెప్పేదేముంది? చెప్పు కాల్లోంచి జారి యాడనో పడిపోయినా తెలవకుండా ఎండ ఇసకలో నడిచిపోతా ఉండేది. అట్టా పోయిపోయి అరికాలు పుండైంది. పుండైనా నొప్పి లేదంట. ఇంకేం, తెలిసిపోయిందిగా. ఊరి బయట సరుగుడు చెట్ల కాడ గుడిసేసి పెట్టినారు. కూతుర్ని ఇచ్చిన ఇంటోళ్ళు ఆ పిల్లను ఆ పూటే తెచ్చి వదిలేసినారు. మొగోడి వల గూడా ఎవురూ ముట్టుకోటంలా. కూడు కుండలో పోసి దూరాన పెట్టొస్తారు, కుక్కకు పెట్టినట్టు."

షాహిదాబీ గరిటె కింద పెట్టింది. చెప్పు జారిపోయినా తెలియదన్న మాట ఆమె చెవిలో ఆగిపోయింది. పోయిన వానాకాలమంతా అత్త ఒక చెప్పు పెరట్లో వదిలేసి ఇంట్లోకి వచ్చేసేది. అందరూ నవ్వేవాళ్ళు. మొహిద్దీన్ పట్టీ బిగించాడు, మళ్ళీ బిగించాడు. "నీ కాలు చిక్కిపోతాందమ్మా," అని వెనక మడమకు ఒక తోలు పట్టీ కూడా కుట్టాడు.

"అది సరేగాని, నీ కాలికేమైందక్కా?" అడిగింది పేరమ్మ.

సుల్తాన్‌బీ మైనం చెయ్యి తుడుచుకుంది. గొంతు పెంచింది, అవసరానికి మించి పెంచింది.

"నా కోడలు కాల్చింది. ఎంతరిచినా వదల్లేదు. ప్రాణం పోయినంత పనైంది నాకు నొప్పికి."

పేరమ్మ తలెత్తి షాహిదాబీని ఎగాదిగా చూసింది. పోయేటప్పుడు మైనం ముద్దను తామరాకులో చుట్టి షాహిదాబీ అందించబోతే తీసుకోలేదు. వంగి సుల్తాన్‌బీ చేతిలోంచే తీసుకుంది.

ఇంట్లో ఉన్న మాట ఊళ్ళోకి పోయింది. సాయంత్రానికి ఆ గంపతోపాటు సముద్రపొడ్డు దాకా పోతుంది. ఇక దాన్ని ఎవరు వెనక్కి పిలిచినా రాదు.

*

నాగూర్‌బీ అన్నం తిని, పక్కింటివాళ్ళకు కూడా కథ చెప్పడానికి వెళ్ళింది. చెప్పకపోతే ఆవిడకు తిన్నది అరగదు.

షాహిదాబీ కట్టు మార్చడానికి మంచం కాళ్ళవైపు కూర్చుంది. అరటాకు తీసింది. నీళ్ళు కారుతున్న ఆ కాలిని చూస్తే కోపం నిలవడం లేదు. జాలి నిలవడం లేదు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"అత్తా, కళ్ళు మూసుకో."

"ఎందుకు?"

"మూసుకో. నేను ఏ వేలు పట్టుకున్నానో చెప్పు."

సుల్తాన్‌బీ రెప్పలు వాలాయి. దూరంగా షెడ్డులో ఇంజను ఆవిరి వదులుతున్న చప్పుడు వినిపించింది.

"బొటనేలు," అంది చివరకు.

షాహిదాబీ రెండు చేతులూ తన ఒళ్ళోనే ఉన్నాయి.

సుల్తాన్‌బీ కళ్ళు తెరిచి ఆ చేతుల్ని చూసింది. పెదవులు బిగించింది. గోడవైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి అత్తా?"

"నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచే."

షాహిదాబీ అత్త చేతుల వైపు చూసింది. పెళ్ళికూతురిగా గడప దాటినప్పుడు తన కాళ్ళకు పసుపు రాసింది ఈ చేతులే. మస్తాన్‌బీని పురిట్లో తొలిస్నానం చేయించింది ఈ చేతులే.

"చేతులు బాగానే ఉండాయి," అంది సుల్తాన్‌బీ, ఆమె మనసులో మాట విన్నట్టు. "కాళ్ళే. ముందు నడుము మీద చిన్న మచ్చ వచ్చింది. నాకు చెమట మచ్చలు తెలీవా? ఇది అది కాదనుకున్నా. నాకు తెలిసిన ఆకులన్నీ నూరి పూసినా. ఊరందరి కాళ్ళకు పనిచేసిన మందు నా ఒంటికి పనిచెయ్యలా."

అత్త తన కంచం తనే కడుక్కుంటుంది. మనవరాలిని ఏనాడూ పక్కలో వేసుకోదు. ముద్దు పెట్టుకోమని బుగ్గ చూపిస్తే తల మీద చెయ్యి వేసి పంపేస్తుంది. ఇన్నాళ్ళూ షాహిదాబీ దాన్ని పొగరనుకుంది, మనవడు పుట్టలేదని కినుక అనుకుంది. మనుషుల్ని ఎంత తప్పుగా చూస్తాం!

"ఆస్పత్రికి పోదాం అత్తా. రైల్వే డిస్పెన్సరీ కాంపౌండరు లేడూ, హెబ్రోను, మొన్న బూటు అడుగులు వేయించుకోడానికొచ్చినప్పుడు ఎవురితోనో చెప్తా ఉండాడు. ఇప్పుడు మాత్రలు వచ్చినాయంట దీనికి. మింగతా ఉంటే తగ్గతాదంట. ఒకరినుంచి ఒకరికి పాకదంట."

"మాత్రలు మింగను నేను యాడికి పోవాల? పెద్దరోగాల ఆస్పత్రికేగా? ఆ గేటు కాడ నన్నొక్కడు చూస్తే చాలు. నాగూర్‌బీని కావలి నుంచి ఆ పూటే తెచ్చి ఈ అరుగు మీద పడేస్తారు. ఈ ఇంట్లో కుట్టిన చెప్పు ఎవుడు తొడుగుతాడు? ఈ ఊళ్ళో సగం మంది కాళ్ళు నా ఒళ్ళో పెట్టినారు షాహిదా. రేపు వాళ్ళల్లో ఎవురికి కాలు తిమ్మిరెక్కినా వచ్చి ఈ ఇంటికి అగ్గి పెడతారు."

"అందుకని నన్ను పెడతావా అగ్గిలో?"

సుల్తాన్‌బీ చివాలున ఇటు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. ఎప్పుడో ఇంకిపోయినట్టున్నాయి.

"నువ్వు పోతే ఒక్కదానివి పోతావు. నేను పోతే ఇల్లంతా పోతాది. ఆలోచించుకో."

"నా బిడ్డనిక్కడ వదిలిపెట్టి?"

"నా నీడ గూడా పడనియ్యను దాని మీద. ఇన్నాళ్ళూ పడనిచ్చినానా?"

"పడనీలేదు. నాకు తెలస్తానే ఉంది ఇప్పుడు." షాహిదాబీ అరటాకు మళ్ళీ కాలికి చుట్టింది. "అయినా నేను పోలేను అత్తా. నీ మీద ఒట్టు, ఈ మాట ఎవురికీ చెప్పను. కాని బిడ్డను వదిలి పోలేను. నొక్కలేదని ఒక్క మాట చెప్పు. కాపడం ఎక్కువైంది, నాకు కునుకు పట్టింది, తెలవలేదు అని చెప్పు. అంతే చాలు."

సుల్తాన్‌బీ తలెత్తి కోడలిని చూసింది. ఆ మాట నిన్ననే తోచి ఉంటే బాగుండేదని ఆమె ముఖమే చెబుతోంది. కునుకు పట్టిందని అని ఉంటే సరిపోయేది. భయంలో మనిషికి సులువైన అబద్ధం తోచదు. పెద్దదే తోస్తుంది.

"పేరమ్మకు గూడా చెప్పేసినానే," అంది చివరకు, చిన్నపిల్లలా.

*

దీపాలు పెట్టే వేళకు మొహిద్దీన్ ఒక కొత్త చెప్పు పట్టుకుని లోపలికి వచ్చాడు.

పొద్దుటి నుంచీ తిండి లేకుండా దాని మీదే కూర్చున్నాడు. అడుగున లారీ టైరు ముక్క, దాని మీద లోపలి ట్యూబు రబ్బరు రెండు మడతలు, ఆ పైన రైల్వేవాళ్ళ పాత కంబళి ముక్క. కాలినచోట ఏదీ తగలకుండా మడమ దగ్గర గుండ్రంగా తొలిచేశాడు. వేళ్ళ మీదికి వెడల్పాటి మెత్తటి పట్టీ వేశాడు. తల్లి కాలి కోసం ఆ కొడుకు చేయగలిగినదంతా చేశాడు.

"ఇది తొడుక్కుంటే పెరట్లోకి పోయి రావచ్చమ్మా. మామూలు చెప్పయితే ఒరుసుకుంటాది. లే, నా భుజం పట్టుకో."

నాగూర్‌బీ దొడ్లో నమాజుకు కాళ్ళూ చేతులూ కడిగి ఉజూ చేసుకుంటోంది. గదిలో ముగ్గురే ఉన్నారు. మస్తాన్‌బీ మూలన చాప మీద నిద్రపోయింది.

"ఇప్పుడొద్దులే," అంది సుల్తాన్‌బీ.

"నీకోసం కూర్చుని చేసినానమ్మా. ఒక్కసారి చూడు."

ఆమె లేచింది. కాలు దూర్చింది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా నడిచింది, తిరిగి మంచం దాకా నడిచింది.

"ఎట్టుందమ్మా? యాడన్నా గుచ్చుకుంటాందా?"

"లేదురా. దూది మీద నడిచినట్టుంది. నీ చేతికి అల్లా మంచి చెయ్యా..."

షాహిదాబీ నేల మీదికి చూసింది. పేడతో అలికిన నేల మీద, గుమ్మం నుంచి మంచం దాకా, అడుగు అడుగుకూ ఎర్రటి చుక్క ఉంది.

మొహిద్దీన్ కూడా చూశాడు.

వంగి తల్లి కాలు పట్టుకుని పైకెత్తాడు. పట్టీకి కొట్టిన మేకు మొన వంచడం తొందరలో మరిచిపోయాడు. అది కంబళి దాటుకుని బొటనవేలి మొదట్లో, కాలని చర్మంలోకి పూర్తిగా దిగిపోయి ఉంది. నెత్తురు అట్ట అంచు నుంచి కారుతోంది.

"అమ్మా," అన్నాడు. "నొప్పి లేదా నీకు?"

సుల్తాన్‌బీ ఒంగి చూసింది. నెత్తురు చూశాక నోరు తెరిచింది. అరవడానికే తెరిచింది. కాని అప్పటికి ఆలస్యమైపోయిందని ఆమెకే అర్థమై, అరుపు బయటికి రాకుండానే నోరు మూసుకుంది.

మొహిద్దీన్ తల్లి ముఖంలోకి చూశాడు. కాలిన మడమను చూశాడు. తలతిప్పి పెళ్ళాం వైపు చూశాడు. రెండు రోజుల్లో ఆమె కళ్ళల్లోకి అతను సూటిగా చూడడం అదే మొదలు.

షాహిదాబీ చూపు తిప్పుకోలేదు. తను నోరు విప్పలేదు. ఒట్టు తప్పలేదు. అయినా తెలిసిపోయింది. అత్త అరవలేదనీ, తను అదమలేదనీ మొగుడికి తెలిసిపోయింది. చెప్పరాని సిగ్గుతో ఆమె లోలోపల సంతోషించింది. ఇక తనను ఎక్కడికీ పంపడు.

అతను మంచం కింది నుంచి పటకారు తీసుకుని మేకు లాగాడు. కాలు తుడిచాడు. పాతగుడ్డ తడిపి, మోకాళ్ళ మీద పాకుతూ, గుమ్మం నుంచి మంచం దాకా ఒక్కొక్క చుక్కే తుడుచుకుంటూ వచ్చాడు. ఒక్కటి కూడా మిగల్చలేదు.

నాగూర్‌బీ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏందిరా ఆ గుడ్డ?"

"తోలు రంగు ఒలికింది."

షాహిదాబీ ఉలిక్కిపడి అతన్ని చూసింది. అతను గుడ్డను ఉండ చుట్టి పొయ్యిలో పడేశాడు.

"బండి సంగతేం చేసినావు?" నాగూర్‌బీ అడిగింది.

"మాట్లాడినా. పొద్దున్నే వస్తాది."

"నువ్వు..." అంది షాహిదాబీ. మాట పూర్తి కాలేదు. అతను ఆమె వైపు తిరగలేదు. పొయ్యిలో గుడ్డ అంటుకోవడాన్నే చూస్తున్నాడు.

ఆమెకు అంతా అర్థమైంది. తల్లి చెప్పింది అబద్ధమని ఇప్పుడు అతనికి తెలుసు. ఆ అబద్ధమే అతనికీ కావాలి. కోడలు కాల్చిందంటే ఊరు నాలుగు రోజులు చెప్పుకుంటుంది. ఆ కాలికి నొప్పి లేదని తెలిస్తే ఊరు వాళ్ళను ఊళ్ళోనే ఉండనివ్వదు. నాగూర్‌బీ అడుగుతుంది, పేరమ్మ అడుగుతుంది, అదిమి పట్టిన పెళ్ళాన్ని ఎందుకు ఉంచుకున్నావని అందరూ అడుగుతారు. జవాబు లేని ప్రశ్న రాకుండా ఉండాలంటే పెళ్ళాం పోవాలి. న్యాయం తెలిసిన మొగుడు కూడా తనను పంపించేస్తాడని ఆమె కలలో అనుకోలేదు. తెలియని మొగుడి మీద కనీసం కోపం పెట్టుకోవచ్చు.

"బిడ్డ గుడ్డలు గూడా సర్దు," అన్నాడు మొహిద్దీన్.

"ఏందిరా!" నాగూర్‌బీ గొంతు లేచింది. "బిడ్డ ఈడే ఉంటాదని చెప్పినా గదా? మన రక్తం గదా అది?"

"తీసకపోనీ అక్కా."

"తల్లి చేసిన పనికి బిడ్డను గూడా వదిలేసుకుంటావా?"

"తీసకపోనీమంటున్నానా!"

అతను ఆ ఇంట్లో అంత గట్టిగా అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. మస్తాన్‌బీ నిద్రలో కదిలింది. షాహిదాబీ చాప దగ్గర కూలబడి బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. పొద్దుటి నుంచీ ఈ మాట కోసమే మొక్కుకుంది. ఈ మాట వచ్చింది. బిడ్డను పంపేవాడు మళ్ళీ తీసుకురావడానికి రాడని దాంతోపాటే తెలిసింది.

మంచం మీద సుల్తాన్‌బీ ఇద్దరి మాటలూ వింది. బిడ్డను కూడా ఎందుకు పంపుతున్నాడో నాగూర్‌బీకి తెలియదు గాని, ఆమెకు తెలుసు, తన రోగం దానికి అంటకుండా. కొత్త చెప్పును కాలి నుంచి మెల్లగా తీసి నేల మీద పెట్టింది.

"మొయిద్దీనూ," అంది. "నన్నెప్పుడు పంపుతావురా?"

"నిన్నెందుకమ్మా పంపేది?" అంది నాగూర్‌బీ తెల్లబోయి. "నువ్వేం చేసినావని?"

ఆమెకు జవాబు చెప్పగలిగినవాళ్ళు ఆ గదిలో ముగ్గురున్నారు. మొహిద్దీన్ వంగి, నేల మీది కొత్త చెప్పును చేతిలోకి తీసుకున్నాడు.